ఎండాకాలంలో బండి ప్రయాణం: హెల్మెట్ నుంచి బూట్ల దాకా ఏం చూసి కొనాలి?

ఏప్రిల్ రాగానే బండి నడిపేవాళ్లు ముందుగా తీసి పక్కన పెట్టేది హెల్మెట్. ఆ తర్వాత బూట్లు పోయి చెప్పులు వస్తాయి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా పోయి టీషర్ట్ వస్తుంది. ‘ఈ ఎండలో అవన్నీ ఎవరు వేసుకుంటారు?’ అనే మాట మెహదీపట్నం నుంచి కర్నూలు దాకా చాలా ఇళ్లలో వినిపించేదే. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. 42 డిగ్రీల ఎండలో, రెడ్ సిగ్నల్ దగ్గర, రెండు బస్సుల మధ్య నల్ల జాకెట్ వేసుకుని నిలబడటం చిన్న విషయం కాదు. అయితే ఎండకు తారు కాస్త మెత్తబడుతుందేమో గానీ, దాని మీద పడ్డ ఒంటికి ఆ తేడా ఏమీ తెలియదు.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, రైడింగ్ జాకెట్లు, ప్యాంట్ల గురించి దొరికే సలహాలు ఎక్కువగా లడఖ్ టూర్లకు వెళ్లేవారి కోసమో, యూరప్ చలిలో బండి నడిపేవారి కోసమో చెప్పినవి. టోలిచౌకి నుంచి హైటెక్ సిటీకి రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చేవారికి, గుంటూరులో పిల్లల్ని బడి దగ్గర దించి షాపు తెరిచేవారికి లెక్క వేరు. వీళ్లు రోజుకు నాలుగైదు సార్లు బండి ఎక్కి దిగుతారు. తొడుక్కోవడానికి ప్రతిసారీ పది నిమిషాలు పట్టే సామాను వారం తిరగకముందే అల్మారాలోకి వెళ్లిపోతుంది. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, కంపెనీ గురించీ కాదు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు కూడా దీన్ని వేసుకుంటామా? వేసుకోమనిపిస్తే అంతకన్నా తేలికైనది, కాస్త తక్కువ రక్షణ ఇచ్చేది అయినా సరే, రోజూ ఒంటి మీద ఉండేది తీసుకోవడమే లాభం.

ఇంకో సంగతి. ఈ సామాను నడిపేవారికి మాత్రమే అనుకోవడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. చనిపోయినవారిలో 50,029 మంది తలకు హెల్మెట్ లేదు. ఆ యాభై వేలలో 14,337 మంది బండి నడపనే లేదు, వెనక కూర్చున్నారు. వెనక సీటు మీద ఎక్కువగా కూర్చునేది ఇంట్లో ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఎండ, గాలి, చెమట

మనిషి చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. బయటి గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపు, బండి వేగానికి తగిలే గాలి ఒంటిని చల్లబరుస్తుంది. గాలి వేడి 40 దాటిందంటే వ్యవహారం తిరగబడుతుంది. అదే గాలి వేడిని మోసుకొచ్చి ఒంటికి అంటిస్తుంది. అప్పుడు చల్లదనం ఇచ్చేది చెమట ఆవిరి కావడం ఒక్కటే. పొట్టి చేతుల టీషర్ట్‌తో వెళ్లేవారికి హాయిగా ఉన్నట్టు అనిపించేది చెమట పట్టిన వెంటనే ఆరిపోవడం వల్లే. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు, పైగా చేతులు కమిలిపోతాయి. పొలం పనికి వెళ్లేవారు నిండు చేతుల చొక్కా వేసుకుని తలకు తువ్వాలు చుట్టుకునేది ఇందుకే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు చూసే ఉంటారు, ఎడారిలో అరబ్బులు ఎండకు బట్టలు తగ్గించుకోరు, ఒళ్లంతా వదులుగా కప్పుకుంటారు.

అంటే నిండుగా కప్పుకోవడం ఎండకు శత్రువు కాదు. గాలి ఆడని బట్టతో కప్పుకోవడమే శత్రువు. ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరిని వేడి గదిలో రైడింగ్ బట్టలతో కూర్చోబెట్టి చూశారు. మందపాటి బట్టల్లో ఒంటి లోపలి వేడి పెరిగింది, గుండె వేగం పెరిగింది. తల తిరుగుతున్న మనిషి బ్రేకు ఆలస్యంగా వేస్తాడు కాబట్టి, చెమట పట్టించి ఉక్కిరిబిక్కిరి చేసే జాకెట్ కూడా ఒక ప్రమాదమే. ఈ విషయంలో అమ్మేవారి మాట కన్నా వేసుకునేవారి ఒళ్లు చెప్పేదే నమ్మాలి.

ఊరిని బట్టి కూడా మారుతుంది. హైదరాబాద్, కరీంనగర్, నిజామాబాద్, కర్నూలు వైపు ఎండ పొడిగా ఉంటుంది. ఇక్కడ ఒక పాత చిట్కా బాగా పనిచేస్తుంది. లోపల వేసుకునే కాటన్ బనియన్‌ను నీళ్లలో తడిపి, పిండి, దాని మీద గాలి ఆడే మెష్ జాకెట్ వేసుకుంటే కూలర్‌లో గడ్డి తడిపినట్టే ఉంటుంది. అది ఆరేలోగా చాలామంది ఆఫీసుకు చేరిపోతారు. చిట్కా విజయవాడ, మచిలీపట్నం, విశాఖ వైపు అంతగా పనిచేయదు. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, తడి ఆరదు, ఒళ్లు జిగటగా తయారవుతుంది. కోస్తా వాళ్లు లోపల పలచని, త్వరగా ఆరే స్పోర్ట్స్ టీషర్ట్ వేసుకుని, పైన వీలైనంత ఎక్కువ జాలీ ఉన్న జాకెట్ చూసుకోవడం మేలు.

ముందు తల

డబ్బు ఒక్క వస్తువుకే ఉంటే అది హెల్మెట్‌కే పెట్టాలి. దీని మీద రెండో మాట లేదు. వేర్వేరు దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే అవకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతుందని తేలింది.

మన దేశంలో అమ్మే ప్రతి హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి, ప్రమాణం పేరు ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. అయినా ఫుట్‌పాత్‌ల మీద మూడు వందలకు దొరికేవి దొరుకుతూనే ఉన్నాయి, వాటి మీద కూడా ఐఎస్ఐ స్టిక్కర్ అంటించి ఉంటుంది. అసలు గుర్తు దగ్గర సీఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఏ కంపెనీదో చూపిస్తుంది. షాపులో నిలబడి రెండు నిమిషాల్లో చేసుకోగల పని ఇది. దుబాయ్ నుంచో, జెడ్డా నుంచో బంధువులు తెచ్చిన హెల్మెట్ మీద ఈసీఈ అనే యూరప్ గుర్తు ఉండవచ్చు. అది నాణ్యతలో మంచిదే కావచ్చు, కానీ ఇక్కడి చట్టం అడిగేది ఐఎస్ఐ గుర్తునే.

టోపీలాంటి హాఫ్ హెల్మెట్ గాలి ఆడుతుందని చాలామంది తీసుకుంటారు. పోలీసుల కోసం అయితే అది సరిపోతుందేమో. దవడ, ముఖం నేలకు తగిలే ప్రమాదాలు తక్కువేమీ కావు, గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ ఒక్కటే వాటిని ఆపగలదు. ఎండకు భయపడేవారు ఫుల్ ఫేస్‌లోనే గాలి రంధ్రాలు చూడాలి. గడ్డం దగ్గర ఒకటి, నుదుటి మీద ఒకటి రెండు, వెనక వేడి గాలి పోవడానికి ఇంకో రెండు. బయట రంధ్రం ఉంటే చాలదు. లోపలి థర్మకోల్‌లో కూడా దానికి తగ్గట్టు కాలువ తవ్వి ఉందో లేదో లైనింగ్ తీసి చూపమనాలి. కొన్నిట్లో రంధ్రం అలంకారానికే ఉంటుంది, లోపల గోడ. తెలుపు, లేత బూడిద రంగు హెల్మెట్ నల్ల దాని కన్నా తక్కువ వేడెక్కుతుంది, రాత్రిపూట లారీ డ్రైవర్లకు కనిపిస్తుంది కూడా. నల్ల వైజర్ పగలు కంటికి హాయిగా ఉన్నా మగ్రిబ్ తర్వాత ప్రమాదకరం. తెల్ల వైజర్ ఉంచుకుని, లోపల దించుకునే చలువ అద్దం ఉన్న మోడల్ తీసుకుంటే రెండు పూటలా సరిపోతుంది.

సైజు విషయంలో ఎక్కువగా జరిగే తప్పు వదులైనది కొనడం. కనుబొమ్మల పైన, తల చుట్టూ టేపుతో కొలిచి ఆ సెంటీమీటర్ల సైజు అడగాలి. పెట్టుకున్నప్పుడు బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. పట్టీ బిగించి, వెనక నుంచి హెల్మెట్‌ను ముందుకు లాగితే తల మీంచి ఊడి రాకూడదు. కొత్తది కొంచెం బిగుతుగా ఉంటే నెల రోజుల్లో స్పాంజి సర్దుకుంటుంది. వదులైనది ఇంకా వదులవుతుంది. పట్టీ పెట్టుకోకుండా తల మీద ఉంచుకున్న హెల్మెట్ చట్టం దృష్టిలో కూడా హెల్మెట్ పెట్టుకున్నట్టు కాదు. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ ప్రకారం జరిమానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్స్ రద్దు.

జుట్టు రాలుతుందన్న భయానికి, చెమట వాసనకు మందు ఒకటే. లోపల పలచని కాటన్ గుడ్డో, బండనాయో కట్టుకుని రోజూ ఉతుక్కోవడం. నమాజు టోపీ మీదే హెల్మెట్ పెట్టుకునేవారు ఉంటారు. పలచని జాలీ టోపీ అయితే ఫరవాలేదు. గట్టి అంచు ఉన్నది, అట్టపెట్టి కుట్టినది అయితే తీసి జేబులో పెట్టుకోవాలి, ఆ అంచు నుదుటికి గుచ్చుకుంటుంది, హెల్మెట్ కూడా సరిగా కూర్చోదు.

బుర్ఖా, చున్నీ, హిజాబ్

ఆడవాళ్ల విషయంలో హెల్మెట్ కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. వెనక చక్రంలో బట్ట చిక్కుకోవడం. బుర్ఖా కొంగు, చున్నీ, చీర చెంగు ఏదైనా సరే, చక్రం చువ్వల్లోకో చైన్‌లోకో వెళ్లిందంటే క్షణంలో మనిషిని కిందికి లాగేస్తుంది. మెడ చుట్టూ చుట్టుకున్న చున్నీ అయితే ఇంకా ఘోరం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన దీని గురించే చెబుతుంది. వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలి. మనవాళ్లు దాన్ని శారీ గార్డ్ అంటారు. బండి అందం పోతుందని కుర్రాళ్లు కొన్న మర్నాడే విప్పించి పక్కన పడేస్తున్నారు. అమ్మీనో చెల్లినో ఎక్కించుకునే బండికి దాన్ని తిరిగి బిగించడానికి మెకానిక్ దగ్గర పావుగంట పని.

బండి మీద వెళ్లేటప్పుడు గేరు వెడల్పు తక్కువగా ఉన్న, ముందు జిప్పు లేదా బటన్లు ఉన్న బుర్ఖా నయం. ఎక్కగానే కింది అంచులు ఒళ్లోకి తీసుకుని తొడల కింద నొక్కి కూర్చోవాలి. చున్నీ రెండు కొసలు లోపలికి దోపుకోవాలి. ఒకవైపు కాళ్లు వేసి కూర్చోవడం కన్నా రెండు వైపులా వేసి కూర్చుంటే బండి నిలకడగా ఉంటుంది, మలుపులో జారిపోయే భయం తక్కువ. బుర్ఖా కింద సల్వారో, ప్యాంటో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇది కుదరని పనేం కాదు. పెద్ద వయసు వారికి అలవాటు లేకపోతే బలవంతం చేయకుండా స్కూటీ లాంటి తక్కువ ఎత్తు బండి మీద తీసుకెళ్లడం మంచిది.

హిజాబ్ మీద హెల్మెట్ పట్టదన్నది ఎక్కువగా వినిపించే మాట. అసలు సమస్య హిజాబ్‌తో కాదు, దాని కింద ఉన్న కొప్పుతో, పిన్నులతో. తల వెనక ఎత్తుగా కట్టిన కొప్పు హెల్మెట్‌ను ముందుకు నెట్టేస్తుంది, కింద పడితే ఊడిపోతుంది. జుట్టును మెడ దగ్గర కిందికి జడగా వేసుకుని, లోపల పిన్నులు లేని సాగే క్యాప్ తొడుక్కుని, దాని మీద ఒక్క పొర పలచని కాటన్ లేదా జెర్సీ స్కార్ఫ్ చుట్టుకుంటే హెల్మెట్ చక్కగా కూర్చుంటుంది. తలకు తగిలే చోట సూది పిన్ను ఒక్కటి కూడా ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, హెల్మెట్ కొనడానికి ఆ స్కార్ఫ్ కట్టుకునే షాపుకు వెళ్లాలి. భర్తో అన్నో తన తల కొలతతో తెచ్చిచ్చిన హెల్మెట్ చాలా ఇళ్లలో మేకుకు వేలాడుతూ ఉండేది ఇందుకే. నఖాబ్ వేసుకునేవారికి ముందు భాగం పైకి లేచే ఫ్లిప్ అప్ రకం సులువు. కళ్ల పక్కన బట్ట అడ్డు రాకుండా, తల తిప్పితే రెండు వైపులా రోడ్డు కనిపిస్తుందో లేదో షాపులోనే చూసుకోవాలి. స్కూటీ తామే నడిపే అమ్మాయిలకు ఇది మరీ ముఖ్యం.

పిల్లల సంగతి. నాలుగేళ్లు దాటిన ప్రతి బిడ్డకు హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు వారికి 2023 ఫిబ్రవరి 15 నుంచి ప్రత్యేక నిబంధన ఉంది. తలకు సరిపోయే హెల్మెట్, బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే బెల్ట్, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఈ వయసు వారికి ప్రమాణాలున్న సైకిల్ హెల్మెట్ కూడా చెల్లుతుంది. అది తేలిక, గాలి ఆడుతుంది, చిన్న మెడకు బరువు కాదు. పెద్దవాళ్ల హెల్మెట్ పిల్లల తలకు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. బిడ్డను ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టడం మానుకోవాలి. ఎండకు కాలిన ట్యాంకు, ఎదురు గాలి, సడన్ బ్రేకు అన్నీ ఆ పసివాడికే ముందు తగులుతాయి.

చేతులు, పాదాలు

కింద పడేవాడు ముందుగా చేయి చాపుతాడు. ఇది ఆలోచించి చేసే పని కాదు. అరచేతి చర్మం తారుకు రాసుకుపోతే టైలరింగ్ చేసేవారు, మెకానిక్, కంప్యూటర్ మీద పనిచేసేవారు ఎవరైనా నెల రోజులు పని మానుకోవాల్సిందే. అందుకే హెల్మెట్ తర్వాత కొనాల్సింది గ్లోవ్స్. ఎండాకాలానికి వెనక వైపు జాలీ బట్ట, అరచేతి వైపు తోలు లేదా గట్టి బట్ట, అరచేతి మడమ దగ్గర జారే ప్లాస్టిక్ ముక్క ఉన్నవి చూడాలి. మణికట్టు దగ్గర పట్టీ తప్పక ఉండాలి. పట్టీ బిగించి, వేళ్ల కొసలు పట్టుకుని లాగితే ఊడి వచ్చే గ్లోవ్ ప్రమాదంలో కూడా ఊడిపోతుంది. వేళ్లు సగం బయటికి కనిపించే జిమ్ గ్లోవ్స్ ఇందుకు పనికిరావు.

చెప్పులతో బండి నడపడం మన దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. దానికి కారణం కూడా ఉంది. వుజూకి, మసీదుకి, షాపులోకి వెళ్లేటప్పుడు లేసులు విప్పుకుంటూ కూర్చోవడం ఎవరి వల్ల కాదు. కాబట్టి చీలమండ దాకా వచ్చే, పక్కన జిప్పు లేదా వెల్క్రో ఉన్న బూట్లు చూసుకోవాలి. చీలమండ రెండు వైపులా గట్టి ముక్క లోపల ఉందేమో నొక్కి చూడాలి. మెత్తటి కాన్వాస్‌తో వేసవి కోసం చేసిన రైడింగ్ షూలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి కొనలేనివారు మామూలు మందపాటి స్పోర్ట్స్ షూ వేసుకున్నా చెప్పుల కన్నా ఎంతో నయం. లేసులుంటే లోపలికి దోపుకోవాలి, గేర్ రాడ్‌కు తగులుకుంటాయి.

జాకెట్: జాలీ ఎంత, గట్టి బట్ట ఎంత

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి మీంచి జారిన మనిషి ఆగేలోగా సుమారు 15 మీటర్లు, రెండు సెకన్లకు పైగా రోడ్డు మీద రాసుకుంటూ పోతాడు. మామూలు కాటన్ చొక్కా, జీన్స్ అంతసేపు నిలవవు. వాటికి చిల్లు పడటానికి ఒక సెకను కూడా పట్టదు. జాకెట్ చేసే పనులు రెండు. రాపిడిని ఆపడం ఒకటి, భుజం, మోచేయి, వెన్నుకు తగిలే దెబ్బను లోపలి ప్యాడ్లతో పీల్చుకోవడం రెండోది.

వేసవి జాకెట్ మొత్తం జాలీతో ఉంటే గాలి బాగా ఆడుతుంది, కానీ రాపిడికి త్వరగా చిరుగుతుంది. అందుకే భుజం, మోచేతుల దగ్గర గట్టి బట్ట, ఛాతీ, వీపు, చేతుల లోపలి వైపు జాలీ ఉన్నది తీసుకోవాలి. నేలకు ముందు తగిలేది భుజం, మోచేయి కాబట్టి అక్కడ జాలీ ఉంటే ఆ జాకెట్ వదిలేయడమే. సిటీలో 40, 50 వేగంతో వెళ్లేవారికి ఇలాంటి మిశ్రమ జాకెట్ సరిపోతుంది. హైవే మీద రోజూ వెళ్లేవారు ఇంకొంచెం గట్టిది చూసుకోవాలి.

లేబుల్ చదవడం కష్టమేం కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 17092 ప్రకారం జాకెట్లకు ఏఏఏ, ఏఏ, ఏ అనే తరగతులు ఉంటాయి. ఏఏఏ ఎక్కువ గట్టిది, ఎక్కువ వేడి పుట్టించేది కూడా. వేసవి మెష్ జాకెట్లు చాలావరకు ఏ తరగతివే. బీ అని ఉంటే బట్ట ఏ తరగతి అంతే, లోపల ప్యాడ్లు మాత్రం ఉండవని అర్థం. ప్యాడ్ల మీద విడిగా ఈఎన్ 1621 అని, దాని పక్కన 1 లేదా 2 అని ఉంటుంది. లెవెల్ 2 ఎక్కువ దెబ్బను పీల్చుకుంటుంది. అదే ముద్రలో టీ ప్లస్ అని కనిపిస్తే ఆ ప్యాడ్‌ను 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారన్నమాట. కొన్ని రకాల ప్యాడ్లు వేడికి మెత్తబడి బలం తగ్గుతాయి కాబట్టి మన ఎండలకు ఈ గుర్తు చూసి కొనడం చాలా ఉపయోగం. అమ్మేవాళ్లు దీన్ని తమంతట తాము చెప్పరు. వీపు వైపు జేబులో ప్యాడ్ పేరుతో పలచని స్పాంజి ముక్క పెట్టి అమ్మే జాకెట్లు చాలా ఉన్నాయి, జిప్పు తీసి చేత్తో వంచి చూడాలి.

ఆస్ట్రేలియాలో ప్రమాదాలకు గురైన రైడర్ల బట్టలను పరిశోధకులు పరిశీలించినప్పుడు, రైడింగ్ జాకెట్లలో దాదాపు 30 శాతం, ప్యాంట్లలో 28 శాతం, గ్లోవ్స్‌లో 26 శాతం చిరిగి విఫలమైనట్టు తేలింది. ఖరీదైన దేశంలో అమ్మినవే అలా ఉన్నాయంటే బ్రాండ్ పేరు ఒక్కటే నమ్మకూడదని అర్థం. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి మోటోక్యాప్ అనే పథకం మొదలుపెట్టాయి. మార్కెట్లో దొరికే జాకెట్లు, ప్యాంట్లు, గ్లోవ్స్ కొని, రక్షణకు ఒక రేటింగ్, గాలి ఆడటానికి వేరే రేటింగ్ ఇస్తారు. మన మార్కెట్లో దొరికే మోడళ్లు అందులో ఎక్కువగా ఉండవు గానీ, రెండు రేటింగులు విడివిడిగా చూడాలన్న ఆ పద్ధతి ఎవరైనా షాపులో వాడుకోవచ్చు.

జాకెట్ ఒంటికి హత్తుకుని ఉండాలి. చేయి చాపి హ్యాండిల్ పట్టుకున్నట్టు కూర్చుంటే మోచేతి ప్యాడ్ మోచేతి మీదే ఉండాలి, పక్కకు జరిగిపోతే దెబ్బ తగిలే సమయానికి అక్కడ ఏమీ ఉండదు. నల్ల రంగు ఎండను పీల్చుకుంటుంది, లేత రంగు దుమ్ము చూపిస్తుంది. ఈ రెండిట్లో దుమ్మును భరించడమే తేలిక.

నడుము కింద

రోజూ ఆఫీసుకు వెళ్లేవారు రైడింగ్ ప్యాంటు వేసుకుంటారని ఆశించడం అత్యాశే. వీరికి పనికొచ్చేవి విడిగా దొరికే మోకాలి గార్డులు. పఠానీ, కుర్తా పైజామా వేసుకునేవారికి ఇవి ఇంకా సులువు, వదులు పైజామా కింద కట్టుకుంటే బయటికి కనిపించవు. మోకాలి మీదే కాక పిక్క ముందు భాగం దాకా వచ్చేవి, వెనక రెండు సాగే పట్టీలు ఉన్నవి తీసుకోవాలి. ఒక్క పట్టీ ఉన్నవి పది నిమిషాలకే కిందికి జారిపోతాయి. లోపల కెవ్లార్ పొర ఉన్న రైడింగ్ జీన్స్ రక్షణకు మంచివే, కానీ మే నెలలో అవి వేసుకుని నగరం దాటడం ఒక శిక్ష.

రోజంతా బండి మీదే ఉండేవారు

డెలివరీ పని, బైక్ టాక్సీ నడిపే కుర్రాళ్లకు పై సలహాల్లో కొంత మార్పు అవసరం. ఆఫీసు ఉద్యోగి అరగంట ఎండలో ఉంటాడు, వీళ్లు పది గంటలు. వీరికి జాకెట్ బరువు కన్నా నీళ్లే ముందు. దాహం వేసేదాకా ఆగకుండా, ప్రతి రెండు మూడు డెలివరీలకు ఒకసారి నీళ్లు తాగాలి. చెమట బాగా పట్టేవారు మధ్యలో మజ్జిగో ఓఆర్ఎస్సో తీసుకోవాలి. తడిపి మెడకు కట్టుకునే గుడ్డ బాగా పనిచేస్తుంది, కొసలు జాకెట్ లోపల ఉండాలి. ఎండలో తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం మొదలైతే బండి నీడన ఆపి, హెల్మెట్, జాకెట్ తీసి, మెడకు, చంకలకు నీళ్లు తడపాలి. మాట తడబడుతున్నా, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇఫ్తార్ ముందు గంట రోడ్లన్నీ హడావుడిగా ఉంటాయి, రోజా ఉన్నవారి ఒంట్లో నీరు తక్కువ ఉంటుంది. ఆ గంటలో నింపాదిగా నడపడం ఏ జాకెట్ కన్నా ఎక్కువ కాపాడుతుంది.

ఖర్చు, కొనే వరుస

అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. మంచి ఐఎస్ఐ ఫుల్ ఫేస్ హెల్మెట్ సుమారు 1,500 నుంచి 3,000 రూపాయల్లో దొరుకుతుంది. వెనక కూర్చునేవారికి ఇంకొకటి. జాలీ గ్లోవ్స్ వెయ్యి నుంచి రెండు వేలు, మోకాలి గార్డులు కూడా దాదాపు అంతే. మెష్ జాకెట్ నాలుగైదు వేల నుంచి మొదలవుతుంది. ముందు ఇద్దరికీ హెల్మెట్లు, తర్వాత గ్లోవ్స్, బూట్లు, ఆపై జాకెట్ అనే వరుస చాలా కుటుంబాలకు సరిపోతుంది. ఒకరికి పది వేల హెల్మెట్ కొని వెనక ఉన్నవారి తల ఖాళీగా వదిలేయడం కన్నా ఇద్దరికీ రెండేసి వేలవి కొనడం న్యాయం. కొత్త బండి కొనేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బండితో పాటు బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్ ఇవ్వాలని 138వ నిబంధన చెబుతోంది. షోరూంలో అడిగి తీసుకోవచ్చు.

వాడిన హెల్మెట్‌ను ఓఎల్ఎక్స్‌లోనో పరిచయస్తుల దగ్గరో కొనకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే లోపలి థర్మకోల్ నలిగిపోతుంది, బయటికి గీత కూడా కనిపించకపోవచ్చు. జాకెట్ అయితే చిరుగులు లేకుండా, ప్యాడ్లు కొత్తవి వేయించుకుంటే వాడినది కూడా ఫరవాలేదు.

హెల్మెట్‌ను అద్దానికి తగిలించి వదిలితే ఆ అద్దం కొస లోపలి థర్మకోల్‌కు గుంట పెడుతుంది. పెట్రోల్ ట్యాంకు మీద పెడితే పెట్రోల్ ఆవిరి దాన్ని తినేస్తుంది. థిన్నర్, పెట్రోల్‌తో తుడవకూడదు, మామూలు సబ్బు నీళ్లు చాలు. ఊడి వచ్చే లైనింగ్‌ను వేసవిలో వారానికోసారి షాంపూ నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాలి. జాకెట్ ఉతికేముందు ప్యాడ్లు తీసేయాలి, తిరిగి పెట్టేటప్పుడు ఎడమది ఎడమకే, వంపు లోపలి వైపుకు వచ్చేలా చూసుకోవాలి.